మీకు తెలుసా? దుబాయి టూరులో టిప్పు ఎవరి చేతికి చేరుతుంది?

శంషాబాద్‌లో రాత్రి విమానం ఎక్కి, తెల్లారకముందే దుబాయిలో దిగాం. మొత్తం ముప్పై ఎనిమిది మందిమి. బస్సులో ఇంకా కళ్లు నులుముకుంటూనే ఉన్నాం, టూర్ మేనేజరు ఒక ఖాకీ కవరు ముందు సీటు నుంచి వెనక్కి పంపాడు. తలకు రోజుకు 10 దిర్హాములు, ఐదు రోజులకు 50. 'టిప్పులండీ, ముందే ఇచ్చేస్తే మీకు ఏ గొడవా ఉండదు' అన్నాడు. నిద్రమత్తులో అందరం ఇచ్చేశాం. లెక్క కడితే 1,900 దిర్హాములు. నాలుగో రోజు మధ్యాహ్నం బస్సు నీడన నిలబడి టీ తాగుతున్న డ్రైవరును మాటల మధ్యలో కదిపితే, అసలు ఆ కవరు సంగతే తనకు తెలియదన్నాడు. మేనేజరును అడిగితే నవ్వేశాడు తప్ప జవాబు చెప్పలేదు. ఆ టీ కప్పు పట్టుకున్న చెయ్యి నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఈసారి 'మీకు తెలుసా?' మొత్తం ఎమిరేట్స్ టూర్ల గురించి, అక్కడ మనం ఇచ్చే బక్షీసు గురించి.

◆ బక్షీసు అన్న మాట మనకు పారసీ నుంచి వచ్చింది. దాని మూలధాతువుకు ఇవ్వడం అనే అర్థంతో పాటు క్షమించడం అనే అర్థం కూడా ఉంది. ఇనాము మాత్రం అచ్చమైన అరబ్బీ మాట. మన దగ్గర అది ఇనాం భూములకు స్థిరపడిపోయింది, ఊళ్ల పేర్లలోకి కూడా ఎక్కింది. అరబ్బీలో ఇప్పుడు టిప్పును ఇక్రామియ్యా అంటారు. కరమ్ అంటే ఔదార్యం, దాని నుంచి పుట్టిన మాట ఇది. మన మామూలు కూడా అరబ్బీ నుంచి వచ్చినదే, కానీ దాని కథ వేరు. మామూలు పని జరగడానికి ముందు అడిగి తీసుకునేది. ఇక్రామియ్యా పని అయ్యాక మనసుకు తోచి ఇచ్చేది. బస్సెక్కగానే తిప్పిన ఆ కవరు ఈ రెండింటిలో దేనికి దగ్గరో మీరే ఆలోచించండి.

◆ దుబాయిలోని డేరా బజార్లలో తోపుడు బండి మీద మూటలు లాగే కూలీని అరబ్బీలో హమ్మాల్ అంటారు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లోనూ, గుంటూరు మిర్చి యార్డులోనూ మనం పిలిచే హమాలీ అదే మాట.

◆ దుబాయిలో ఒకప్పుడు మన రూపాయే చెల్లేది. కూరగాయలకూ, పడవ కేవుకూ, కూలికీ అన్నిటికీ రూపాయే. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం ప్రత్యేకంగా వేరే రంగుల్లో గల్ఫ్ రూపాయి నోట్లు అచ్చు వేసింది. 1966 జూన్‌లో మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించడంతో, అప్పటికింకా దాన్ని వాడుతున్న దేశాలు కూడా ఒక్కొక్కటే వదులుకున్నాయి. 1971 డిసెంబరు 2న ఎమిరేట్స్ ఒక దేశంగా ఏర్పడ్డాయి. 1973 మేలో దిర్హాం వచ్చింది. కాబట్టి మీ తాతగారి కాలంలో దుబాయి పడవవాడికి రూపాయి ఇస్తే కళ్లకద్దుకునేవాడు. ఇప్పుడు మన పది రూపాయల నోటు చేతిలో పెడితే దాన్ని మార్చుకోవడం అతనికి కష్టం. మా బస్సులో ఒకాయన హోటల్ కుర్రాడికి రెండు పది రూపాయల నోట్లు ఇచ్చాడు. పాపం ఆ కుర్రాడు మర్యాదకు జేబులో పెట్టుకున్నాడు. ఇచ్చేదేదో దిర్హాముల్లోనే ఇవ్వాలి.

◆ డాలర్లు ఇస్తే? ఒక డాలరు 3.6725 దిర్హాములు. చాలా ఏళ్లుగా ఆ లెక్క కదలలేదు. నోటైతే మార్చుకోవచ్చు గానీ ఒకటి రెండు డాలర్ల కోసం అతను ఎక్స్‌ఛేంజి కౌంటరు దగ్గర వరుసలో నిలబడాలి. పెద్ద నోటు తెచ్చుకుని దిగిన రోజే 5, 10 దిర్హాముల నోట్లుగా విడిపించుకోవడం మేలు. అక్కడ నోట్లలో చిన్నది 5 దిర్హాములది, దాని మీద అజ్మాన్ కోట బొమ్మ ఉంటుంది. ఒక దిర్హాం నాణెమే, దాని మీద కొమ్ము కాఫీ కూజా ఉంటుంది. నాణేల మీద అంకెలు అరబ్బీలో ఉంటాయి, ఇక్కడే మనవాళ్లు తికమక పడతారు. అరబ్బీ ఐదు అచ్చం మన సున్నలా ఉంటుంది. సున్నా మాత్రం ఒట్టి చుక్క. మన సున్నలాంటి అంకె పక్కన చుక్క కనిపిస్తే అది 50 ఫిల్సులు, అంటే అర దిర్హాం. ఏడు మూలల నాణెం అది. దాన్ని దిర్హాం అనుకుని ఇచ్చేవాళ్లను నేనే చూశాను.

◆ టిప్పు ఇచ్చి తీరాలని ఎమిరేట్స్‌లో చట్టమేమీ లేదు. అమెరికాలో సంగతి వేరు. అక్కడ టిప్పులు తీసుకునే పనివాళ్లకు యజమాని ఇవ్వాల్సిన కనీస కూలి కేంద్ర చట్టం ప్రకారం గంటకు 2.13 డాలర్లే, 1991 నుంచి మారలేదు. అంటే మనమిచ్చేది అక్కడ జీతంలో భాగం. జపాన్‌లో ఇవ్వబోతే వద్దంటారు. దుబాయి ఈ రెండింటికీ మధ్యలో ఉంది. ఇవ్వకపోతే ఎవరూ మొహం మాడ్చుకోరు, ఇస్తే నిజంగా సంతోషిస్తారు.

◆ హోటల్ బిల్లు కింద ఉన్న చిన్న అక్షరాలు చదివారా? దుబాయి హోటళ్లలో 10 శాతం సర్వీసు ఛార్జీ, 7 శాతం మునిసిపాలిటీ రుసుము, 2018 జనవరి 1 నుంచి 5 శాతం వ్యాటు ఉంటాయి. ఇవి కాక రాత్రికి గది ఒక్కింటికి టూరిజం దిర్హాం అని హోటల్ స్థాయిని బట్టి 7 నుంచి 20 దిర్హాముల దాకా తీసుకుంటారు. టూర్ ప్యాకేజీలో ఈ ఆఖరిది కలవకపోతే, గది తాళం ఇచ్చే ముందు కౌంటరు దగ్గర అడుగుతారు. అది మోసం కాదు, 2014 నుంచి ఉన్న రుసుమే. ఇక సర్వీసు ఛార్జీ అని రాసి ఉంది కదా, అది వడ్డించిన మనిషికే వెళ్తుందని అనుకోకండి. అది హోటల్ ఖాతాలో పడుతుంది, అక్కడి నుంచి ఎంత కిందికి దిగుతుందన్నది హోటల్ ఇష్టం. వడ్డించిన పిల్లకు ఏదైనా ఇవ్వాలనిపిస్తే ఆమె చేతికే ఇవ్వాలి. మన దగ్గర కూడా ఈ సర్వీసు ఛార్జీ మీద పెద్ద పేచీయే నడిచింది. హోటళ్లు దాన్ని బిల్లులో బలవంతంగా కలపకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది.

◆ ఎడారి సఫారీ డ్రైవరు రోజు ఎప్పుడు మొదలవుతుందో తెలుసా? మనం భోంచేసి కాస్త నడుం వాల్చే వేళకే అతను హోటళ్ల చుట్టూ తిరుగుతుంటాడు. ఒక హోటల్లో ఇద్దరు, ఇంకో హోటల్లో నలుగురు, మూడో హోటల్లో ఇంకా లిఫ్టు దగ్గరే ఉన్నవాళ్లు. అందర్నీ ఎక్కించుకుని లహబాబ్ ఎర్ర ఇసుక దిబ్బల దాకా వస్తాడు. తారు రోడ్డు అయిపోయే చోట బండి ఆపి దిగుతాడు. మనం అక్కడ ఫొటోలు తీసుకుంటూ ఉంటాం. అతనేమో చక్రం పక్కన గొంతుకు కూర్చుని టైర్ల గాలి తీస్తుంటాడు.

నేను ఫొటోలు మానేసి అతని పక్కన కూర్చున్నాను. వాల్వు మూత తీసి పళ్ల మధ్య పెట్టుకున్నాడు. బుసబుసమని గాలి పోతుంటే చెవి పెట్టి వింటున్నాడు. మధ్యలో గేజీ గుచ్చి చూసి, ఇంకాస్త వదిలాడు. నాలుగు చక్రాలకూ అలాగే. సగం గాలి పోయాక టైరు అడుగు పరుచుకుని, చెప్పులేసుకున్న పాదంలా కాక ఒంటె పాదంలా వెడల్పయింది. బరువు ఎక్కువ చోటు మీద పడితే బండి ఇసుకలో కూరుకుపోదు. 'గాలి తక్కువైతే టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది, ఎక్కువైతే బండి మునుగుతుంది బెహన్ జీ' అన్నాడు హిందీలో. పెషావర్ వైపు మనిషి. పదకొండేళ్లుగా ఇదే పని. తర్వాత ముప్పావు గంట సేపు ఆ దిబ్బల అంచుల మీద బండిని పక్కకు వాల్చి దింపుతుంటే వెనక సీటు పిల్లలు కేకలు పెట్టారు, మా పెద్దమ్మ కళ్లు మూసుకుని గోవింద నామం అందుకుంది. అతను మాత్రం ముందు దిబ్బ మీద వెలుగు ఎటు పడుతోందో చూస్తున్నాడు. మమ్మల్ని మళ్లీ హోటల్లో దింపేసరికి రాత్రి పది.

టూరు డబ్బులో ఇతని వాటా ఎంతో మనకు కనిపించదు. ఒక కుటుంబం కలిసి 20 నుంచి 50 దిర్హాముల దాకా ఇవ్వడం అక్కడి వాడుక. నా మాటగా చెప్పాలంటే, ఐదు రోజుల టూరులో మీరు ఒక్కరికే టిప్పు ఇవ్వగలిగితే ఇతనికే ఇవ్వండి. మన పిల్లల ప్రాణాలు అతని చేతిలో పెట్టి కూర్చున్నాం కదా.

◆ సఫారీ క్యాంపులో డేగను చేతి మీద కూర్చోబెట్టి ఫొటో తీస్తారు. అది టిప్పు కాదు, రేటు. ముందే అడగండి. ఒంటె మీద ఒక చుట్టు, గోరింటాకు, ఖర్జూరం, కాఫీ సాధారణంగా టికెట్లోనే కలిసి ఉంటాయి. ఇసుక బైకులు మాత్రం వేరే ఖర్చు. అన్నట్టు ఎమిరేట్స్‌లో డేగలకు పాస్‌పోర్టులు ఉంటాయి, విమానమెక్కి యజమానితో వేరే దేశాలకు వెళ్లొస్తుంటాయి. అబుదాబిలో వాటికోసం 1999 నుంచి ఒక ఆసుపత్రే నడుస్తోంది.

◆ అదే క్యాంపులో కాఫీ పోసే పద్ధతి చూడండి. కూజా ఎడమ చేతిలో ఉంటుంది, పిడి లేని చిన్న కప్పును కుడి చేత్తో అందిస్తారు. మనమూ కుడి చేత్తోనే అందుకోవాలి. కప్పు అడుగున రెండు గుక్కలకు సరిపడా మాత్రమే పోస్తారు. ఇది పిసినారితనం కాదు. మళ్లీ మళ్లీ పోయడమే అక్కడి మర్యాద. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ కొంచెం ఊపి ఇవ్వాలి, ఊపకపోతే పోస్తూనే ఉంటారు. ఈ కాఫీ మర్యాదను 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. డబ్బు విషయంలోనూ ఇదే నియమం: ఎడమ చేత్తో ఇవ్వకూడదు. మనకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. దక్షిణను ఒట్టి చేత్తో కాక తమలపాకులో పెట్టి ఇచ్చే వాళ్లం మనం. అక్కడ కూడా నోటును మడిచి, కరచాలనం చేస్తూ చేతిలో పెడితే తీసుకునే మనిషికి గౌరవంగా ఉంటుంది. నలుగురూ చూస్తుండగా గాలిలో ఊపుతూ ఇస్తే బాగుండదు.

◆ అసలు డబ్బు తియ్యకూడని చోట్లు కూడా ఉన్నాయి. అబుదాబి షేక్ జాయెద్ గ్రాండ్ మసీదులో ప్రవేశం ఉచితం, లోపల వాళ్ల గైడు వెంట తిరిగి చూడటమూ ఉచితమే. 82 గుమ్మటాలు, పాదాల కింద 5,600 చదరపు మీటర్లు దాటిన ఒకే ఒక చేనేత తివాచీ. అంత చూపించిన గైడుకు ఏమైనా ఇవ్వాలని చెయ్యి జేబులోకి పోతుంది. వద్దు. అతను ఆతిథేయి, మనం అతిథులం. 'షుక్రన్' అంటే చాలు. అబుదాబి ఎమిరేట్‌లోనే అబూ మురేఖాలో ఉన్న బాప్స్ హిందూ మందిరంలోనూ ప్రవేశ రుసుము లేదు. 2024 ఫిబ్రవరి 14న ప్రారంభమైన ఆ గుడికి ఏడు ఎమిరేట్లకు గుర్తుగా ఏడు శిఖరాలు పెట్టారు. అక్కడ మన వెంకన్న, పద్మావతి అమ్మవారు కూడా కొలువై ఉన్నారు. ఇవ్వాలనుకున్నది హుండీలో వెయ్యండి, వాలంటీర్లకు ఇవ్వబోయి వాళ్లను ఇబ్బంది పెట్టకండి.

◆ దుబాయి క్రీక్ మీద చెక్క అబ్రా పడవలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటడానికి ఒక్క దిర్హామే. ఐదు రోజుల్లో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయాణం అది. టిప్పులు ఎవరూ ఆశించరు, చిల్లర సరిగ్గా ఇస్తే చాలు. ట్యాక్సీలో కూడా అంతే, మీటరు 27 చూపిస్తే 30 ఇచ్చి దిగుతారు.

◆ గైడు మిమ్మల్ని అదే పనిగా దుకాణాలకు తిప్పుతున్నాడా? టూరిజంలో కమిషన్ పద్ధతి ప్రపంచమంతటా ఉంది. జీతం చాలని గైడుకు అదే ఆధారం. కొనాలన్న నియమం మీకు లేదు. లైసెన్సు ఉన్న గైడు మెడలో కార్డు ఉంటుంది, అడిగితే చూపిస్తాడు.

◆ ఈ చిల్లర దిర్హాముల వెనక మన ఊళ్లే ఉన్నాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ పల్లెల నుంచి, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు అక్కడ గదులు ఊడుస్తున్నారు, వంటగదుల్లో గిన్నెలు తోముతున్నారు, సామాన్లు మోస్తున్నారు. ఎమిరేట్స్‌లో విదేశీ కార్మికులకు చట్టం నిర్ణయించిన కనీస వేతనం లేదు. జీతం బ్యాంకు ద్వారానే ఇవ్వాలన్న పద్ధతి 2009లో వచ్చింది, అది పెద్ద మేలే. కానీ ఆ జీతం ఎంత ఉండాలన్నది ఒప్పందం కాగితం మీదే ఆధారపడుతుంది. గల్ఫ్‌కు వెళ్లే మనవాళ్లకు ఇంతకు తక్కువ ఇవ్వకూడదని మన కేంద్ర ప్రభుత్వం ఒక అంకె పెడుతుంది. 2020 సెప్టెంబరులో కరోనా పేరు చెప్పి దాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గించారు. తెలంగాణలో గల్ఫ్ కార్మికుల తరఫు వాళ్లు ఊరుకోలేదు, హైకోర్టుకు వెళ్లారు. 2021 జూలైలో కేంద్రం ఆ తగ్గింపును వెనక్కి తీసుకుంది.

ఈ సంగతి టూరిస్టుకు ఎందుకంటారా? మన 10 దిర్హాములు 200 రూపాయలకు పైమాటే. అది మనకు ఒక ఐస్‌క్రీము, అక్కడ పనిచేసే మనిషికి ఇంటికి ఒక వీడియో కాలు, ఒక పూట మంచి భోజనం.

◆ మరి గ్రూపులో ఎలా ఇవ్వాలి? ఉమ్మడి కవరు తప్పు కాదు, చివరిదాకా ఎవరూ దాని వెంట నడవకపోవడమే తప్పు. మా బస్సులో జరిగింది చూశాక, హైదరాబాద్‌లోనే టూరు కంపెనీని మూడు ముక్కలు అడగాలని నాకు తెలిసొచ్చింది. ప్యాకేజీలో టిప్పులు కలిసే ఉన్నాయా? కలిసి ఉంటే ఎవరెవరికి ఎంత? ఎవరి చేతుల మీదుగా? జవాబు వాట్సాప్‌లో రాసి పంపమనండి. కవరు మొదటి రోజు కాదు, ఆఖరి రోజు తిప్పమనండి. బస్సులో పెద్దాయన ఒకరు లేచి, అందరి ముందూ డ్రైవరును పిలిచి ఇస్తే బాగుంటుంది. నాలుగో రోజు సాయంత్రం మేము అదే చేశాం. మళ్లీ తలకు పది వేసుకుని, రిటైరైన హెడ్‌మాస్టారు ఒకాయన చేత ఇప్పించాం. డ్రైవరు టోపీ తీసి చంకలో పెట్టుకుని రెండు చేతులతో అందుకున్నాడు.

◆ పెట్టెలో ఆవకాయ, కారప్పొడి పెట్టుకోండి, గసగసాలు మాత్రం వద్దు. ఎమిరేట్స్‌లో అవి నిషేధం. మసాలా పొడిలో కలిసి ఉన్నా ఇబ్బందే. అమ్మ ఇంట్లో దంచిన పొడి అయితే ఏమేం వేసిందో అడిగి తెలుసుకుని మరీ సర్దండి.

◆ ఇక గది శుభ్రం చేసేవాళ్లు. వాళ్లు మనకు ఎదురే పడరు, మనం బయటికి వెళ్లాక వస్తారు, వచ్చేలోపు వెళ్లిపోతారు. అందుకే కవరు లెక్కలో వీళ్ల పేరు ఉండదు. రెండో రోజు నేను మందులు మరిచిపోయి గదికి తిరిగొచ్చాను. లోపల దుప్పటి దులుపుతున్న కుర్రాడు మా మాటలు విని, 'మీరు తెలుగోళ్లా మేడం?' అన్నాడు. మెట్‌పల్లి దగ్గర పల్లె. దిండు కింద నేను పొద్దున పెట్టి వెళ్లిన 10 దిర్హాముల నోటు టేబులు మీదికి చేరి ఉంది.

'తీసుకోలేదేం?' అన్నాను.

'గట్ల దిండు కింద పెడితే మేం ముట్టుకోం మేడం. మరిచిపోయిన్రో, మాకే పెట్టిన్రో ఎట్ల ఎరుక? తీస్కుంటే దొంగతనమంటరు, కొలువు పోతది. కాగితం మీద రెండు ముక్కలు రాసి పెట్టుండ్రి. రోజుకింత పెట్టుండ్రి. ఆఖరు నాడు ఒక్కసారే పెడితే ఆ రోజు డ్యూటీల ఎవరుంటే వాళ్లకే పోతయ్.'

అప్పటికప్పుడు ఆ నోటు అతని చేతికే ఇచ్చాను. మర్నాడు పొద్దున హోటల్ ప్యాడు కాగితం చింపి, 'ఇది నీకే, బిడ్డా' అని తెలుగులో రాసి, దాని మీద 10 దిర్హాములు, చిన్న ఆవకాయ సీసా పెట్టి వెళ్లాను. రాత్రి వచ్చేసరికి సీసా లేదు, నోటు లేదు. రోజూ పెట్టే రెండు నీళ్ల సీసాల పక్కన ఇంకో రెండు ఉన్నాయి. కాగితం మాత్రం అక్కడే ఉంది. తిప్పి చూస్తే వెనక పెన్సిలుతో, వంకర అక్షరాల్లో: 'పెద్దమ్మా, మా అమ్మ పెట్టినట్టే ఉంది.'